పసిగట్టింది

"ఎలకల మేడం పోనాదటరా" అని టెక్కలి నుంచి ఫోన్ చేసి చెప్పినవాడు నా క్లాస్‌మేటే. అక్కడ మందుల షాపు నడుపుతున్నాడు. ఆ ముక్క చెప్పి ఊరుకుంటే బాగుండేది. "పొగరు కాస్త తగ్గించుకోనుంటే ఈ పాటికి పర్మినెంటయిపోను, పెన్సనొచ్చీను" అని ఓ నవ్వు కూడా నవ్వాడు. ఊరూరా కిడ్నీ జబ్బులున్న మా ఉద్దానంలో మనిషి పోయాడంటే ముందు అడిగేది కిడ్నీలా అని. నేనూ అదే అడిగాను. కాదట, గుండె. పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, అరుగు మీద కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదట.

వాడి నవ్వు మాత్రం నన్ను వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఆవిడకు పొగరుండేదా అంటే ఉండేది, బోలెడంత ఉండేది. పోయినవాళ్లందర్నీ శాంతమూర్తుల్ని చేసి దండ వేసేయడం మనకు అలవాటు. ఈవిడను ఆ వరసలో కూర్చోబెడితే నేనొప్పుకోను. ఆ పొగరు ఒక ఎలక కోసం, ఒక మాట కోసం. ఆ మాటను అందరికంటే ముందు కొట్టేసినవాణ్ణి నేనే కాబట్టి, ఆవిడ గురించి చెప్పే బాధ్యత కూడా నాదే.

తొంభైల చివర పలాసలో డిగ్రీ చదివాను. హరిశ్చంద్రపురంలో పాసింజరెక్కి రోజూ వెళ్లొచ్చేవాణ్ణి. జువాలజీ ప్రాక్టికల్స్ ఆవిడే చెప్పేవారు. ఏ ఏటికాయేడు కాగితం రాసిచ్చి ఉంచుకునే ఉద్యోగం. నలభై దాటిన మనిషి, పెళ్లి చేసుకోలేదు. వాళ్లమ్మ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది, చిన్నతనంలో ఈవిడా పక్కన కూర్చుని కొట్టేవారు. జీడి చమురు తిన్న వేళ్లు కదా, కొసలు నల్లగా, గరుకుగా ఉండేవి. మిగతా లెక్చరర్లు క్లాసులో పుస్తకాల తెలుగు మాట్లాడి, ఇంటికెళ్లాక ఊరి తెలుగు మాట్లాడేవారు. ఈవిడకు ఆ రెండు చొక్కాలూ లేవు. ప్రిన్సిపాల్ దగ్గరైనా, చేపలమ్మే మనిషి దగ్గరైనా ఒకటే యాస. ఎవరైనా నవ్వితే, "ఏటి నవ్వుతున్నావు, అర్దమయినాదా నేదా? అర్దమయితే సాలు" అనేవారు.

ఏదైనా గట్టిగా ఆలోచించాల్సి వస్తే కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టేసేవారు. "కళ్లు అడ్డొత్తన్నాయిరా" అనేవారు. వరండాలో నడుస్తూ ఎడమచేతి వేళ్లు గోడకు రాసుకుంటూ పోయేవారు. సున్నం వేళ్లకంటుకుంటే చీరకు తుడుచుకునేవారు. ఆవిడ చీరలన్నిటికీ ఎడమవైపున తెల్లని మరక ఉండేది. ఆడపిల్లలు దాన్ని చూసి నవ్వుకునేవారు. అది ఆవిడకు తెలుసు, తెలిసినా మానలేదు.

ఆవిడ లోకం ఎలక. ఎలకంటే పందికొక్కు కాదు, బొటనవేలంత చిట్టెలక. పుస్తకంలో దాని మీద ఒక ప్రయోగం ఉంది. ఎలకను గాజుపెట్టెలో పెట్టాలి. గాజుకడ్డీతో మీసాన్ని తాకాలి, పక్కన చప్పట్లు కొట్టాలి, టార్చి వేయాలి. "ఎలుక ఉద్దీపనకు ప్రతిస్పందించినది" అని రికార్డులో రాసి, కింద బొమ్మ గీయాలి. ఎన్నో ఏళ్లుగా అన్నల రికార్డులు చూసి తమ్ముళ్లు ఆ వాక్యమే దింపుకుంటున్నారు. ఎలక చచ్చి పడున్న ఏడాది కూడా అది ప్రతిస్పందించినట్టే రాశారు.

ఆవిడ మాత్రం మొదటి రోజే నన్ను ముందుకు పిలిచి, రుమాలుతో కళ్లకు గంతలు కట్టారు. అరచెయ్యి బల్ల మీద వెల్లకిలా పెట్టమన్నారు.

"వేలు కదపకు. పిక్క ఎడతన్నాను. గుండా, బద్దా?"

పలాసలో ఈ ప్రశ్న పసిపిల్లలకు కూడా తెలుసు. విరగని జీడిపప్పు గుండు, రెండుగా చీలితే బద్ద. చేతిలో గుండ్రంగా తగిలింది. గుండే అన్నాను. క్లాసంతా గొల్లుమంది. బద్దను బోర్లా పెట్టారట, గుండ్రటి వైపు నా చేతికి తగిలేలా.

"ఇప్పుడు వేళ్లాడించు."

వేళ్లు ఒక్కసారి మూశానో లేదో బద్ద అని తెలిసిపోయింది.

"సెయ్యి అదే, పిక్కా అదే. మరేటి మారినాది?"

"వేళ్లు కదిలాయి మేడం."

"వేళ్లు కాదురా బావూ. ఇందాకా అది నీ సేతిలో పడుంది, అంతే. ఇప్పుడు నువ్వు దాన్ని అడిగినావు. ఎలక మీసాలు కూడా అలగే అడుగుతాయి. అది నడుత్తున్నంతసేపూ ముందుకీ ఎనక్కీ ఆడతానే ఉంటాయి. నువ్వు గాజుపుల్ల ఎట్టి పొడిసీసి, ఎలక మెదడుకి ఇలగ తెలుత్తాది అని రాసీసినావనుకో, అది ఎలక సంగతి కాదు. నీ పుల్ల సంగతి."

ఇంకో మాట కూడా అన్నారు. ఎవరి చంకలో వాళ్లు చక్కిలిగింతలు పెట్టుకోమన్నారు. ఎవరికీ నవ్వు రాలేదు. "అదే పక్కోడెడితే సస్తారు నవ్వలేక. సర్మం అదే, వేలూ వేలే. తను సేసింది తనకి తెలుసు మెదడుకి. ఎలక మెదడుకీ తెలుసు" అన్నారు. ఇరవై ఏళ్లు వచ్చేవరకూ నాకెవరూ, ఏదీ, నా చేతిలోనే పెట్టి చూపించలేదు. ఆ రోజు ఆవిడంటే నాకు ప్రేమ పుట్టింది. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

మరి గాజుపెట్టెలో కాకపోతే ఎలకను ఎక్కడ చూడాలి? జీడి గోదాంలో. ఆదివారం చర్చి అయ్యాక రమ్మన్నారు. పదకొండు మందిమి వెళ్లాం. ఆవిడ బాప్టిస్టు సంఘం మనిషి. ముందు బెంచీలో కూర్చుని శ్రుతి లేకుండా గట్టిగా పాడేవారని సంఘంలో ఒక పేరు. జంతువుల మీద దేవుడు మనిషికి అధికారం ఇచ్చాడు కదమ్మా, ఎలకల గురించి ఇంత బాధేమిటని పాస్టరుగారు ఓసారి అడిగారట. "ఏలుకోమన్నాడు గాని తల బిగించమన్నాడేటండీ?" అని అడిగారట ఈవిడ. తల బిగించడం సంగతేమిటో మాకు గోదాంలోనే తెలిసింది.

గోదాం షావుకారుకు మా మీద నమ్మకం లేదు.

"అమ్మగోరూ, మీరు లేబరాఫీసోలు కారు గదా?"

"కాదు బావూ, ఎలకలాఫీసు."

"మందెట్టి సంపీమంటే సంపిత్తాను గానమ్మా, సూడ్డానికేటుంటాది ఎలకలో?"

"నీ పప్పు తినీదాన్ని నువ్వు ఒక్కరోజైనా సూసినావా మరి?"

తలుపులు మూయించారు. పట్టపగలు లోపల కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. టార్చికి ఎర్రకాగితం చుట్టారు. ఆ రంగు ఎలకకు సరిగా కనబడదట. గోడ వార నేల మీద బూడిద జల్లారు. మాట్లాడితే బయటకు పంపిస్తానన్నారు. అరగంట ఏమీ లేదు. గోనెల కంపు, చెమట. తర్వాత వచ్చింది. గోడకు ఒరుసుకుంటూ, మీసం గోడకు తగిలిస్తూ పరుగు. ఒకచోట గోడకూ బస్తాలకూ మధ్య మూరెడు ఖాళీ ఉంది. గోడ అయిపోయినచోట అది టక్కున ఆగింది. మీసాలన్నీ ముందుకు చాచి, గాల్లో ఆడించింది. ఏమీ తగల్లేదు. వెనక్కి తిరిగి గోడను ఇంకోసారి తడుముకుంది. మళ్లీ ముందుకొచ్చి, మళ్లీ చాచి, అప్పుడు ఒక్క దూకు దూకి బస్తాల కిందకు పోయింది. బూడిదలో దాని అడుగులు ఆ ఖాళీ దగ్గర గజిబిజిగా, మిగతాచోట తిన్నగా ఉన్నాయి.

"సూసినారా? ఇప్పుడు సెప్పండి, దాన్ని ఎవులైనా పొడిసినారా?" అన్నారు మేడం గుసగుసగా. ఆవిడ గొంతు వణికింది. ఎన్నిసార్లు చూసుంటారో ఆ దృశ్యం, అయినా వణికింది.

తర్వాత అక్కడే గోనెల మీద కూర్చుని చెప్పారు. విశాఖపట్నంలో రెండేళ్లు రీసెర్చి చేశారట. ఎలక తలను ఇనప చట్రంలో బిగించి, మెదడులో సన్నతీగ దించి, ఒక్క మీసాన్ని కదుపుతూ, మెదడులో పుట్టే కరెంటును కాగితం మీద గీతలుగా ఎక్కించడం పని. ఓనాడు ఈవిడ స్క్రూ సరిగ్గా బిగించలేదు. ఎలక తల విడిపించుకుని బల్ల అంచు వెంబడి పరిగెత్తింది. తీగ ఊడేలోపు రెండు మూడు సెకన్లు, కాగితం మీద అంతవరకూ ఎన్నడూ చూడని గీతలు పడ్డాయి. గైడుగారు అది చూసి, చెత్త, చించెయ్యి అన్నారు.

"సార్, ఇన్నాళ్లూ మనం సూసింది ఎలకని కాదు, మన స్క్రూని అన్నాను. నన్ను కుర్సీకి కట్టీసి సెవిలో పుల్లెట్టి తిప్పితే నానేటంతాను? ఓలమ్మో అంతాను. అది రాసుకోని, ఆడమనిసి మాటంటే ఇదీ అని పుత్తకం ఏసీత్తారేటి?"

"ఆయనేమన్నారు మేడం?"

"కాయితం సింపుతావా, ఎల్లిపోతావా అన్నారు. ఎల్లొచ్చీసినాను."

పశ్చాత్తాపం వీసమెత్తు లేదు ఆ గొంతులో. లేదని నేను ఖచ్చితంగా చెప్పగలను. ఎందుకంటే ఆ రోజు ఆవిడ మొహంలో దాని కోసమే వెతికాను. కడు పేదింటి నుంచి వెళ్లిన మనిషి అంత చదువు వదిలేసుకుందంటే, ఎక్కడో ఓ మూల బాధ ఉండి తీరాలనుకున్నాను.

రికార్డులో పదకొండు మందిమీ పుస్తకంలో వాక్యం రాయలేదు. మేం చూసింది రాశాం. గోడ ఎక్కడ అయిపోయిందో ఎలక మీసాలు ఆడించి పసిగట్టింది అని రాశాం. ఆ మాట నాదే. ఏ మాట వాడాలో తోచక అడిగితే, "మీ ఊర్లో ఏటంతారు దాన్ని?" అన్నారావిడ. మా నాన్న కుక్క గురించి అనే మాట చెప్పాను. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "అదే రాయి. దానికదే పోయి కనిపెట్టుకుందనేగా మాట. బాగుంది" అన్నారు.

ఫైనలియర్ ప్రాక్టికల్ పరీక్షకు బయటి ఊరి నుంచి ఎగ్జామినర్ వచ్చారు. చెడ్డవాడేం కాదు. ఇస్త్రీ మడత నలగని మనిషి. నా రికార్డే పైన ఉంది. ఆ పేజీ దగ్గర ఆగి, ఆ మాట కింద ఎర్రసిరాతో గీత గీసి, మేడం వైపు తిరిగారు.

"ఏమిటండీ ఇది? పసిగట్టడం ఏమిటి? పల్లెటూళ్లో కుక్కల గురించి అనే మాట. శాస్త్రంలో ప్రతిస్పందన అని చక్కటి మాట ఉంది కదా."

"ఉంది సార్. గాజుపుల్లతో పొడిసినప్పుడు ఆ మాట సరిపోద్ది. ఇక్కడెవులూ పొడవనేదు."

"అంటే, ఎలుకకు ఒక ఉద్దేశం ఉందంటారా?"

"గోడ ఎక్కడయిపోనాదో దానికి తెలియాల సార్. తెలీకపోతే పిల్లి తినీత్తాది. దాన్ని మీరేటంతారో మీరే సెప్పండి."

ఆయన మొహం ఎర్రబడింది. మూడు గంటల్లోగా పదకొండు మందీ ఆ మాట కొట్టేసి, పుస్తకంలో ఉన్నట్టు రాసి, మేడం సంతకం పెట్టించి తేవాలన్నారు. లేకపోతే రికార్డు మార్కులు సున్నా. "మీ పట్టుదల కోసం పిల్లల జీవితాలతో ఆడుకుంటున్నారు మీరు" అని కూడా అన్నారు. ఆ మాటలో నిజం లేదని ఈ రోజుకీ నేను అనలేను.

మేడం మమ్మల్ని వరండాలోకి తీసుకొచ్చారు.

"రాసింది సూసే రాసినారా?"

"సూసే రాసినాం మేడం."

"అయితే కొట్టీకండి. పాసవుతారు, నాను లెక్కేసినాను. ఫస్టుకళాసు పోద్ది. అది పోతే ఏటేటి పోతాయో మీకే తెలుసు, నాను సెప్పలేను. కొట్టీసినా మిమ్మల్ని ఏటీ అనను. నాను మాత్రం సంతకం ఎట్టను."

ఫస్టుక్లాసు పోతే నాకేం పోతుందో నాకు తెలుసు. బీయెడ్డు సీటు. మా నాన్న హరిశ్చంద్రపురం స్టేషన్లో సామాన్లు మోసేవాడు. ఆయనకో కొడుకు, ఆ కొడుక్కో ఉద్యోగం, అంతే మా ఇంటి కల. మిగతావాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. పెన్ను మూత ముందు తీసినవాణ్ణి నేను.

కొట్టేసి, పైన "ప్రతిస్పందించినది" అని రాసి, ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ పేజీ చదవలేదు. కాగితం తిప్పి, వెనకవైపు నల్లటి వేలికొసతో ఆ కొట్టివేతను తడిమారు.

"గట్టిగా కొట్టీసినావురా. బయపడినోడు ఇంత గట్టిగా కొట్టడు. కోపం మీదున్నావు. ఎవలి మీద? నా మీదా?"

అవును, ఆవిడ మీదే. నా మాటను బాగుందన్నందుకు, నన్ను అంత పొడుగు చేసి చూపించి ఇప్పుడు ఆ పొడుగు నిలబెట్టుకోమంటున్నందుకు. రికార్డు మూసి నా చేతికిచ్చారు. సంతకం ప్రిన్సిపాల్ పెట్టారు. నా వెనకే మిగతా పది మందీ కొట్టేశారు. జూన్‌లో కాలేజీ తెరిచాక ఆవిడకు కొత్త కాగితం రాసివ్వలేదు. నాకు ఫస్టుక్లాసు వచ్చింది, సీటు వచ్చింది, సంతబొమ్మాళి దగ్గర సముద్రపు ఒడ్డు ఊళ్లో బడిపంతులు ఉద్యోగమూ వచ్చింది.

ఏడేళ్ల తర్వాత మళ్లీ చూశాను. మా హెడ్మాస్టరు కూతురి పెళ్లికి జీడిపప్పు కొనడానికి కాశీబుగ్గ వెళితే, ఫ్యాక్టరీ షెడ్డులో గ్రేడింగు బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. ఆ గోదాం షావుకారే పిలిచి పని ఇచ్చాడట. ఆవిడ చెప్పాక బస్తాలు గోడకు దూరంగా పేర్చుకున్నాడట, అప్పట్నుంచి ఎలకల నష్టం తగ్గిందట. చూడకుండానే వేళ్ల మధ్య తిప్పి, గుండ్లు ఇటు, బద్దలు అటు విసురుతున్నారు. పని అయ్యాక పొట్టు తీసే ఆడవాళ్ల పిల్లలకు పాఠాలు చెబుతారని పక్కనున్నామె అంది. తల బాగా నెరిసింది. చీరకు ఎడమవైపున మరక అలాగే ఉంది.

నన్ను గుర్తుపట్టి, "పంతులయినావటగదా!" అన్నారు. మొహమంతా సంతోషమే. క్షమాపణ చెబుదామని నోరు తెరిచాను. చేత్తో ఆపేశారు.

"అది పరీచ్చరా. ఆకలేసినోడు సంతకం కోసం కొట్టీసినాడు, నాకా మాత్రం తెలీదేటి? అదొగ్గీ. ఇప్పుడు నీకెవలి సంతకమూ అక్కర్నేదు గదా. పిల్లలకి ఏటి సెప్తన్నావు ఎలక గురించి?"

ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ గాజుకడ్డీ, గాజుపెట్టే చెబుతున్నాను. పుస్తకంలో ఉన్నది చెప్పడం తేలిక, సిలబస్ త్వరగా అయిపోతుంది. కారణం అంతకంటే పెద్దదేం లేదు.

"మీరు చెప్పిందే చెబుతున్నాను మేడం" అన్నాను.

ఆవిడ కళ్లద్దాలు తీయలేదు. నన్నే సూటిగా చూశారు. తర్వాత పక్కకు తిరిగి ముక్కుచీదుకున్నారు. అంత మొండిమనిషి కళ్లల్లో నీళ్లు చూడటం నాకదే మొదలు, ఆఖరు. తూకానికి తీసుకున్న పప్పు పొట్లం మీద ఆ నల్లటి చెయ్యి ఒకసారి వేసి, "ఎల్లిరా బావూ, బస్సెల్లిపోద్ది" అన్నారు. బస్సులో కూర్చున్నాక నా మీద నాకే అసహ్యమేసింది. సోమవారం నుంచి మార్చి చెబుదామనుకున్నాను. ఆవిడ పోయేదాకా, రెండేళ్ల పాటు సోమవారాలు వస్తూనే ఉన్నాయి.

సమాధి కార్యక్రమానికి మా బ్యాచిలో నేనొక్కణ్ణే వెళ్లాను. కాలేజీ నుంచి ఎవరూ రాలేదు. పొట్టు తీసే ఆడవాళ్లు పనిమానేసి వచ్చారు. మట్టి వేయడం అయ్యాక ఆవిడ చెల్లెలు, ఆమె కూడా ఫ్యాక్టరీ మనిషే, నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"బీచి ఊళ్లో మేష్టారు మీరేనా బావూ?"

అవునన్నాను.

"మా అప్ప మీ గురించే సెప్పీది. ఉజ్జోగం పోనాదని నాను ఏడిత్తే, పోతే పోనాది, పదకొండు మందిలో ఒక్కడు మిగిలినాడే, సాల్దేటి అనీది. మీరు పిల్లలకి సెప్పీ మాటేటో నాకూ సెప్పింది గాని నాకు నోరు తిరగనేదు. ఓపాలి సెప్పండి బావూ, ఇంతాను."

చుట్టూ ఆడవాళ్లు నిలబడ్డారు. నేను అబద్ధం ఆడానమ్మా అని అక్కడ అనలేకపోయాను. అనడం మంచిదా, అనకపోవడం మంచిదా, ఇప్పటికీ నాకు తేలలేదు. పాఠమే చెప్పాను. ఎలక ఊరికే పడి ఉండి మనం పొడిస్తే తెలుసుకునేది కాదని, నడుస్తూ, మీసాలాడిస్తూ, గోడ ఎక్కడ అయిపోయిందో తనకు తానే పసిగడుతుందని, దాని మెదడు ఎలా పనిచేస్తుందో తెలియాలంటే దాని దారిన దాన్ని పోనిచ్చి చూడాలని చెప్పాను. ఆడవాళ్లు తలూపారు. "అంతేగదా మరి" అంది వాళ్లలో ఒకామె.

నేనా పాఠం చెప్పడం అదే మొదటిసారి. ఆవిడ నమ్మిన అబద్ధాన్ని నిజం చేయడానికి నాకింకా ఇరవై ఏడేళ్ల సర్వీసు ఉంది. ఏ ఇన్‌స్పెక్టరు ఏ రంగు సిరాతో వస్తాడో రానివ్వండి.